మరక లేని అస్తరు

నిసార్ అహ్మద్ కత్తిరించిన గుడ్డ ఆ షాపులో ఒక్కటీ లేదు. కొలత తీసేది భూమేశ్, సుద్దతో గీసేది భూమేశ్, కత్తెర పెట్టేది భూమేశ్. ఆఖరున మెడ పట్టీ లోపల నీలి దారంతో నేసిన పేరు ముక్కను కుట్టేదీ భూమేశే. ఆ ముక్క మీద మాత్రం నిసార్ అహ్మద్ అని ఉంటుంది. షాపున్న ఖురం పేట ఆఫీసర్లూ, హోటల్ మేనేజర్లూ, పెళ్ళికి దిష్‌దాషాలు కుట్టించుకునే మస్కట్ పిల్లగాళ్ళూ ఆ పేరు చూసుకునే వస్తారు. నిసార్ అహ్మద్ కౌంటర్ వెనుక కూర్చుని, చిన్న కప్పుల్లో ఖావా పోసి, "నా చేతి పని, చూడండి" అంటాడు. ఆ చెయ్యి కత్తెర పట్టగా భూమేశ్ ఎన్నడూ చూడలేదు.

ఆదివారం పొద్దున షట్టర్ ఎత్తగానే నిసార్ అహ్మద్ రెన్యువల్ కాగితం తెచ్చి కటింగ్ బల్ల మీద పెట్టాడు. మళ్ళీ రెండేళ్ళు, అదే జీతం. గురువారంలోగా సంతకం పెడితే సరే, లేదంటే నెలాఖరుకు ఊరికి టికెట్టు. భూమేశ్ జీతం మాటే ఎత్తలేదు. బోర్డు మీద కింద, చిన్న అక్షరాలైనా సరే, కటింగ్ మాస్టర్ భూమేశ్ అని రాయించమన్నాడు. నిసార్ అహ్మద్ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. అదే భూమేశ్‌కు మండింది.

"బోర్డు మీద రెండు పేర్లుంటే గిరాకీ ఎవరికి సలాం కొట్టాల్నో తెల్వక పక్క షాపుకు పోతడు, భూమేశ్."

నిసార్ అహ్మద్‌ది హైదరాబాద్ పాతబస్తీ. తెలుగు బాగానే వచ్చు. కాదనేటప్పుడు మాత్రమే తెలుగులో మాట్లాడతాడు.

కాగితం బల్ల మీద అట్లాగే ఉంది. దాని మీద కత్తెర బరువుగా పెట్టి భూమేశ్ తలెత్తేసరికి, మెట్లెక్కి ఒక మనిషి లోపలికి వస్తున్నాడు. పొడగరి, గడ్డంలో తెల్లవెంట్రుకలు, శుభ్రమైన బట్టలు, చేతిలో ప్లాస్టిక్ సంచి. నిసార్ అహ్మద్ లేచి సలాం చేశాడు. భూమేశ్ చూసింది ఆ మనిషి ముఖాన్ని కాదు, కుడి మోచేతిని. అది ఒంటికి తగలకుండా కొంచెం ఎడంగా ఉంది. ఎడమ చెయ్యి నడకతో పాటు ఊగుతోంది, కుడి చెయ్యి ఊగడం లేదు.

అతని పేరు హమూద్. బలూచీ కుటుంబం, పుట్టి పెరిగింది మస్కట్‌లోనే. హిందీ మనవాళ్ళలాగే మాట్లాడతాడు. సంచిలోంచి ఒక పాత దిష్‌దాషా తీశాడు. మెడ నుంచి మడమల దాకా జారే తెల్లటి ఒంటి చొక్కా, పల్చని గుడ్డ. కుడి నడుము దగ్గర సరిగ్గా కుదరడం లేదనీ, కొత్తది ఆ చోట వదులుగా కావాలనీ నసుగుతూ చెప్పాడు. నిసార్ అహ్మద్ సరే సరే అంటూ టేపు కోసం వెతుక్కున్నాడు. ఈలోపు భూమేశ్ ఆ పాత బట్టను తిరగేసి లోపలి అస్తరు చూశాడు. కుడి పక్క, నడుము ఎముకకు కాస్త వెనుక, అరచెయ్యంత నల్లటి మరక. ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాడు.

భూమేశ్ హిందీలో మెల్లగా అన్నాడు: "ఇది చెమట గాదు, మిషిన్ నూనె. మీరు ఈ పక్కకు ఇనుము మోస్తరు. వదులు చేస్తే ఇంకా కనపడతది, హమూద్ భాయ్."

హమూద్ మొదట నిసార్ అహ్మద్ వైపు, తర్వాత తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత మరి నిసార్ అహ్మద్‌తో మాట్లాడలేదు. భూమేశ్ వెంట లోపలి గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

చెప్పిందంతా కలిపితే ఇదీ సంగతి. ఒక పెద్ద వ్యాపారికి హమూద్ చాలా కాలంగా కాపలా మనిషి. కోర్టు తగాదాలున్న వ్యాపారి. పిస్తోలుకు పోలీసుల అనుమతి ఉంది. దాన్ని హమూద్ పేరు పెట్టి పిలవడు, సామాను అంటాడు. ఆ వ్యాపారిని అర్బాబ్ అంటాడు, యజమాని అని. ఆ అర్బాబ్ ఇంట్లో ఒక చావు పరామర్శ జరిగింది. వచ్చినవాళ్ళంతా ఒక వరసలో నిలబడి నమాజు చేశారు. హమూద్ వంగినప్పుడు పల్చటి గుడ్డ వీపు మీద బిగుసుకుని, నడుము దగ్గర సామాను ఆకారం అచ్చుగుద్దినట్టు తేలింది. వెనుక వరసలో ఉన్న ఒక ముసలాయన చూసి, నమాజు కాగానే భోజనం చెయ్యకుండా లేచిపోయాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చిన మనిషికి పిస్తోలు చూపించారన్న మాట ఊరంతా తిరిగింది.

"అర్బాబ్‌కు అప్పటి నుంచి నా మీద కోపం. తప్పు ఆయనది కాదు. ఇంటికొచ్చినవాడికి అది కనపడకూడదు. ఈ గురువారం ఆయన మేనల్లుడి పెళ్ళి విందు. ఆ రోజు నేను ఆయన ఎదురుగా నిలబడాలి. వంగాలి, కూర్చోవాలి. ఏమీ కనపడకూడదు. సామాను మాత్రం ఇక్కడికి..."

"ఇక్కడికి తేవద్దు." భూమేశ్ మాట పూర్తి కానివ్వలేదు. "నలుగురు తిరిగే షాపు. దాని పొడుగు, మందం, పిడి ఎటు వంగుతదో కాగితం మీద గీసియ్యుండ్రి, చాలు. నేను అంతే చెక్కముక్క చేయిస్త. బరువుకు సీసం పోయిస్త. ట్రయల్ దాంతోనే. మెట్‌పల్లిల ఎమ్మెల్యే గన్‌మన్లకు సఫారీలు కుట్టినోణ్ణి నేను. నాకు ఆకారం చాలు, అసలుది అక్కరలేదు."

హమూద్ కొంచెంసేపు అతని ముఖంలోకే చూశాడు. తర్వాత పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. గీత ఎక్కడా తడబడలేదు. కళ్ళు మూసుకున్నా గీయగలిగేటట్టు గీశాడు.

*

ఊరి బయట రుసైల్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ దగ్గర భూమేశ్ ఉండే గదిలో రూమ్‌మేట్ పోచన్న. షట్టరింగ్ వడ్రంగి. ఆర్మూర్ పక్క మనిషి, వయసులో భూమేశ్ కంటే పెద్ద. హమూద్ గీసిన కాగితం చూసి పడీ పడీ నవ్వాడు.

"ఏందిరా, దర్జీ పని జాలక దళంల గలుస్తున్నవా? పోలీసోడొచ్చి అడిగితే ఇది పీటకాలని చెప్త, మల్ల నన్ను ఇరికియ్యకు."

నవ్వుతూనే చేశాడు. సైట్‌లో మిగిలిన ఎర్ర చెక్క ముక్క తెచ్చి ఉలితో ఆకారం తీశాడు. అది చెమట తగిలితే రంగు దిగే చెక్క. ఆ సంగతి పోచన్న ముందే చెప్పాడు. కడుపులో తొలిచి, చేపల వలకు కట్టే సీసం గుండ్లు కరిగించి పోశాడు. చేతిలో పట్టుకుంటే అసలుదాని బరువులాగే ఉంది. భూమేశ్ దాన్ని తన నడుముకు దోపుకుని గదిలో అటూ ఇటూ నడిచాడు, మంచం మీద కూర్చున్నాడు, బకెట్ ఎత్తాడు. పోచన్న గోడకు ఆనుకుని, ఎక్కడ తేలుతోందో వేలుతో చూపిస్తూ పోయాడు.

ఆ సాయంత్రమే భూమేశ్ ఎస్టేట్ గేటు ముందరి మంగలి షాపు దగ్గర ఆగాడు. మలయాళీ మంగలి ఖాళీ చేసి ఊరికి పోతున్నాడు. శుక్రవారం విమానం. గల్లీ మొగలో మంచి చోటు. వెలుతురు సూటిగా పడుతుంది, గుడ్డ రంగు పొద్దుగూకేదాకా మారదు. చోటు వదిలిపోయేందుకు అడిగే తాళం పైసలు ఎవరు ముందిస్తే వాళ్ళకు. తర్వాత నెలలోగా ఎవరైనా ఒమానీ తన పేరు మీద లైసెన్సు తీసివ్వాలి, లేకుంటే బిల్డింగ్ ఓనర్ వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు, తాళం పైసలు మునిగినట్టే. మంగలి ఏదీ దాచలేదు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. భూమేశ్ బయట నిలబడి షట్టర్ మీది ఖాళీ బోర్డును చూశాడు. మూడు మూరల వెడల్పు. భూమేశ్ అన్న మాట ఒక్కటే పట్టేంత.

*

మంగళవారం ట్రయల్. భూమేశ్ తెల్ల గుడ్డ ఒప్పుకోలేదు. మట్టిరంగు గుడ్డ తీశాడు. మెరుపు లేనిది, దళసరిది, దగ్గరగా చూస్తే తప్ప కనపడని సన్నటి గళ్ళ నేత ఉన్నది. మెరిసే గుడ్డ నీడను పట్టిస్తుందనీ, నేత ఉన్న గుడ్డ కంటిని పక్కకు లాగుతుందనీ హమూద్‌కు చెప్పాడు. చంక నుంచి తుంటి దాకా లోపల గంజి పెట్టి బిగిసిన బక్రం పట్టీ వేశాడు. సముద్రపు గాలి ఎంత కొట్టినా ఆ పక్క గుడ్డ ఒంటికి అంటుకోదు, గోడలా నిలబడుతుంది. పక్క జేబుకు అడుగు పెట్టలేదు. చెయ్యి జేబులో పెట్టుకున్నట్టే ఉంటుంది, నేరుగా లోపలికి పోతుంది. లోపల తెల్లటి అస్తరుతో ఒక సంచి, తోలు ఒర దాంట్లో కూర్చునేటట్టు.

ఒర దగ్గర మాత్రం భూమేశ్ గట్టిగా పట్టుబట్టాడు. మెత్తటి తోలు వద్దన్నాడు. గట్టిది కావాలి, ట్రిగ్గర్ పూర్తిగా కప్పుకోవాలి, లేకపోతే కూర్చున్నప్పుడు గుడ్డో బెల్టో దాన్ని నొక్కుతుంది. నడుముకు ఉత్త తాడు పనికిరాదు. వెడల్పు బెల్టు, వంగనిది. బెల్టు కుంగితే సామాను బయటికి వాలుతుంది, ఎంత మంచి దర్జీ కుట్టినా దాగదు.

"నడుం ముంగట పెడితే నుదురు నేలకానిచ్చే సజ్దాల పొడుస్తది. వెనక పెడితే వంగినప్పుడు లేస్తది. తుంటి ఎముక దాటినంక ఇక్కడ, జరంత ముందుకు వాల్చి." చెక్కముక్కను ఒరలో పెట్టి తనే సర్దాడు. "ఇగ నమాజు చెయ్యుండ్రి."

హమూద్ ఆశ్చర్యపోయాడు.

"ప్రార్థన గాదు, వంగుడు. నేను చూడాలె."

లోపలి గదిలో ఇస్త్రీ బల్లకూ గోడకూ మధ్య హమూద్ నిలబడ్డాడు, నడుము వంచాడు, లేచాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నుదురు నేలకు ఆనించాడు. ఆనాడు ముసలాయన ఉన్నట్టు, భూమేశ్ అతని వెనుక కూర్చుని చూశాడు. నోట్లో గుండుసూదులు. నడుము వంచినప్పుడు ఒక గీత లేచింది. సుద్దతో గుర్తు పెట్టి, కచ్చా కుట్టు విప్పి, వెనుక ముక్కలో ఒక మడత ఎక్కువ వదిలి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ వంగమన్నాడు. గీత పోయింది. కానీ నిలబడితే కుడి పక్క అంచు పైకి లేచింది. సామాను గుడ్డను ఎత్తుతోంది మరి. ఆ పక్క అంచును గోరంత పొడుగు పెంచాడు. నిలబడితే ఇప్పుడు రెండు మడమలూ ఒకే ఎత్తున మూసుకున్నాయి.

తర్వాత మనిషిని సరిచేశాడు. గుడ్డ కంటే అదే ఎక్కువ పని.

కుడి జేబులో ఇంకేదీ వెయ్యొద్దు. తాళాలు, ఫోను ఎడమ పక్క. రెండు పక్కలా బరువుంటే భుజం కుంగదు. కింద పడినదాన్ని నడుము వంచి కాదు, మోకాళ్ళు వంచి తియ్యాలి. చేతుల్లేని కుర్చీ చూసుకుని కూర్చోవాలి. కారులో బెల్టు దిష్‌దాషా పైనుంచి రావాలి, లాగి కింద దోపితే గుడ్డ బిగుస్తుంది. ఎవరైనా కౌగిలికి వస్తే ఎడమ భుజం ముందుకివ్వాలి. గుంపులో మనుషుల్ని ఎడమ పక్కకు తెచ్చుకోవాలి. చిన్న పిల్లల్ని కుడి చంకన ఎత్తుకోవద్దు, వాళ్ళు కాళ్ళతో తడుముతారు. అన్నిటికీ మించి, దాన్ని ముట్టుకోవద్దు.

"చూసేటోళ్ళు గుడ్డను చూసి కనిపెట్టరు, మీ చెయ్యిని చూసి కనిపెడ్తరు. ఉన్నదా లేదా అని తడిమి చూసుకునుడు మనిషి అలవాటు. మీ మోచెయ్యి చూసిండ్రా, ఇప్పటికీ రెక్కలెక్క పక్కకే ఉన్నది. దాన్ని దించుండ్రి. అది ఉన్న సంగతి మీరే మర్చిపోవాలె. మీరు మర్చిపోతే లోకం మర్చిపోతది."

హమూద్ మోచెయ్యి దించాడు. అది ఊరికే ఊరికే ఎడంగా పోతోంది. దించి, మళ్ళీ దించి, చివరికి నవ్వాడు. "దీనికి మాట వినడం రాదు, మాస్టర్." ఆ నవ్వు కొంచెం వేరుగా ఉందని భూమేశ్‌కు తోచింది. కానీ సూదులు నోట్లో ఉన్నాయి, మనసు అంచు మీద ఉంది. పట్టించుకోలేదు.

*

బుధవారం పొద్దున పని ముగిసింది. మెడ దగ్గర కుచ్చు కట్టి, ఇస్త్రీ చేసి, పేరు ముక్క కుట్టే వంతు వచ్చినప్పుడు భూమేశ్ ఆగాడు. నీలి ముక్కను డబ్బాలో వేసేశాడు. మెడ పట్టీ ఖాళీగా వదిలాడు.

హమూద్ దాన్ని వేసుకుని, ఒరలో చెక్కముక్కతో, బయటి గదిలోకి వచ్చాడు. భూమేశ్ యజమానిని పిలిచి, హమూద్ భాయ్ దగ్గర ఒక వస్తువుంది, ఏ పక్క ఉందో చెప్పు నిసార్ భాయ్ అన్నాడు. నిసార్ అహ్మద్ కళ్ళజోడు పెట్టుకుని చుట్టూ తిరిగాడు. కూర్చోమన్నాడు, లెమ్మన్నాడు. చివరికి ఎడమ పక్క అన్నాడు. అక్కడ ఉన్నవి తాళాలు. షాపు బయట ఫుట్‌పాత్ మీద సముద్రపు గాలి బాగా కొడుతోంది. హమూద్ మూల దాకా పోయి వచ్చాడు. గుడ్డంతా ఎగిరింది. కుడి పక్క మాత్రం గోడలా నిలిచింది. చెక్కముక్క ఒరతో పాటు అతని దగ్గరే ఉండిపోయింది.

షాపు ముందే, నిసార్ అహ్మద్ వినకుండా, హమూద్ భూమేశ్ భుజం మీద చెయ్యి వేశాడు. ఎడమ చెయ్యి. నేర్పింది మర్చిపోలేదు. మంగలి షాపు సంగతి, లైసెన్సు సంగతి ట్రయల్ రోజే భూమేశ్ అతనికి చెప్పి ఉన్నాడు.

"రేపు విందు. అర్బాబ్ చూస్తాడు. చూసి నన్ను దగ్గరికి పిలుస్తాడు. అప్పుడు నీ షాపు మాట చెబుతాను. ఆయన పేరు మీద లైసెన్సంటే ఎవరూ అడ్డు చెప్పరు."

"చెప్తరా?"

"నన్ను దగ్గరికి పిలిస్తే చెప్పకుండా ఉంటానా?"

ఆ మాటలో ఉన్న *పిలిస్తే* భూమేశ్ చెవిన పడింది. కానీ తన కుట్టు మీద తనకున్న నమ్మకం ముందు అదెంత? కుట్టులో తప్పు లేదు. తప్పు లేకపోతే పిలుస్తాడు. పిలిస్తే షాపు వచ్చినట్టే. అంతవరకూ లెక్క సూటిగా ఉంది.

మధ్యాహ్నం అన్నం వేళ ఊళ్ళో ఉన్న భార్య సుమలతకు ఫోన్ చేశాడు. మెట్‌పల్లి పక్కన కాలువ కింద ఉన్న భూమి ఆమె పేరు మీదే పట్టా. ఎరువుల దుకాణం ఓంకార్ ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. పైసలు ఇక్కడ రుసైల్‌లో తన బామ్మర్ది చేతి మీదుగా ఇప్పిస్తానని మొన్ననే ఒప్పుకున్నాడు. రేపు పొద్దున పోయి రిజిస్ట్రేషన్ చేసెయ్యమన్నాడు భూమేశ్.

ఫోన్‌లో సుమలత వెనుక మోటారు చప్పుడు వినిపించింది. చేను దగ్గరే ఉన్నట్టుంది.

"ఆయన సరే అన్నంక అమ్మితే ఏమైతది? రేపు విందైతే ఎల్లుండి అమ్ముదాం."

"ఎల్లుండి మంగలాయన విమానం ఎక్కుతడే. ఆ చోటు మల్ల దొరుకుతదా?"

"నువ్వు ఆ పెద్దమనిషిని ఒక్కసారన్న చూసినవా?"

"నా పని చూస్తడు ఆయన. నన్ను చూసుడెందుకు?"

సుమలత మోటారు బంద్ చేసి వస్తానని ఫోన్ పెట్టేసింది.

గురువారం పొద్దున రిజిస్ట్రేషన్ అయ్యింది. ఓంకార్ బామ్మర్ది ఇచ్చిన పైసలు మంగలికి పోయి, సాయంత్రానికి తాళంచెవి భూమేశ్ చేతిలో ఉంది. కటింగ్ బల్ల మీది కాగితాన్ని సంతకం లేకుండానే నిసార్ అహ్మద్ కౌంటర్ మీద పెట్టి, ఈ నెలాఖరు దాకే ఉంటానని చెప్పాడు. నిసార్ అహ్మద్ బతిమాలలేదు, తిట్టలేదు. కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. శుక్రవారం సెలవు. పోచన్నను వెంట తీసుకుపోయి షట్టర్ ఎత్తి, బల్ల ఎక్కడ, మిషన్ ఎక్కడ, అద్దం ఎక్కడ అని సుద్దతో నేల మీద గీశాడు. పోచన్న గీతల మధ్య నిలబడి, ఈ గదిలో పడుకునే చోటు లేదు గదరా, లోకానికి బట్టలు కుట్టి నువ్వు నిలబడే నిద్రపోతవా అన్నాడు. బల్ల కింద పడుకుంటానన్నాడు భూమేశ్. ఆ మాట ఎంత సంతోషంగా అన్నాడంటే పోచన్న మళ్ళీ ఎగతాళి చెయ్యలేదు.

*

శనివారం హమూద్ వచ్చాడు. మెట్లు ఎక్కకుండా పక్క సందులోంచి, ఇస్త్రీ గది తలుపు దగ్గరికి. పాత తెల్ల దిష్‌దాషా వేసుకున్నాడు. మట్టిరంగుది మడిచి సంచిలో ఉంది.

"లోపలి సంచి తీసెయ్యాలి, మాస్టర్. జేబుకు అడుగు కుట్టు. మామూలు బట్ట చేసెయ్యి."

భూమేశ్ బట్టను ఇస్త్రీ బల్ల మీద పరిచి తిరగేశాడు. బుధవారం నుంచి అది ఒంటి మీదే ఉంది, మెడ దగ్గర చెమట వాసన చెబుతోంది. సంచి అస్తరు వెలుతురుకు పెట్టి చూశాడు. ఇన్ని రోజుల్లో నూనె దిగాలి. నల్లటి చుక్క ఒక్కటన్నా ఉండాలి. అస్తరు కుట్టిన నాడు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. ఒర మూతి తగిలే చోట మాత్రం పల్చటి ఎరుపు. వేలితో రుద్దితే వేలికి అంటింది. పోచన్న చెక్క రంగు.

భూమేశ్ ఆ వేలిని చూసుకున్నాడు. తర్వాత హమూద్ కుడి మోచేతిని చూశాడు. ఇప్పుడు నడుముకు ఏమీ లేదని పల్చటి గుడ్డ చెబుతూనే ఉంది. అయినా ఆ చెయ్యి ఎడంగానే ఉంది. సెలవు రోజున తన చెయ్యి మెడ మీద లేని టేపు కోసం వెతుక్కున్నట్టు.

"ఎప్పటి సంది లేదు?"

హమూద్ ఇస్త్రీ పెట్టె వైపు చూస్తూ చెప్పాడు. పరామర్శ జరిగిన రోజు సాయంత్రమే సామాను తీసేసుకున్నారు, అనుమతి కాగితం కూడా. ఇంట్లో చెప్పలేదు. రోజూ డ్యూటీ టైముకు బయలుదేరి కారులో కూర్చుంటున్నాడు. పెళ్ళి విందులో అర్బాబ్ ఎదుట వంగి చూపిస్తే, ఇంక ఏదీ కనపడదని ఆయన కళ్ళతో చూస్తే, మళ్ళీ తీసుకుంటాడనుకున్నాడు.

"నేను చెప్పబోయాను, మాస్టర్. సామాను మాత్రం ఇక్కడికి తేలేను, నా దగ్గర లేదు అనబోయాను. అంతలో నువ్వే తేవద్దన్నావు. చెక్కముక్క చాలన్నావు. నాకు అసలుది అక్కరలేదన్నావు."

భూమేశ్‌కు ఆ మాట తన గొంతుతోనే వినిపించింది. నాకు ఆకారం చాలు. మరక చూసి మనిషి కథంతా చెప్పేశాననుకున్నాడు. ఆ మరక ఎన్నాళ్ళ కిందటిదో మాత్రం చూడలేదు.

"విందుల ఏమైంది?"

"గేటు దగ్గర కొత్త మనుషులు. బయటి కంపెనీ వాళ్ళు, కోట్లు వేసుకున్నవాళ్ళు. నన్ను చూసి వదిలేశారు, తెలుసా? ఏమీ కనపడలేదు వాళ్ళకు. రెండో తలుపు దగ్గర అందరినీ తడిమి పంపిస్తున్నారు. అక్కడ దొరికింది. బయటికి తీశారు. చెక్క. వరసలో నిలబడినవాళ్ళంతా చూశారు. ఎవరో నవ్వారు. అర్బాబ్ లోపలున్నాడు. నేను లోపలికి పోలేదు."

షాపు ముందు గదిలో ఎవరో గిరాకీతో నిసార్ అహ్మద్ నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కప్పులో ఖావా పోసిన చప్పుడు. భూమేశ్ బ్లేడు తీసుకుని సంచి కుట్టు ఒక్కొక్కటిగా కోయడం మొదలుపెట్టాడు. దారం తెంపితే అస్తరు చినుగుతుంది, అందుకని ప్రతి కుట్టునూ విడిగా ఎత్తి కోశాడు. కోపంలోనూ ఒక్క కుట్టు తప్పలేదు. ఆ చెయ్యికి ఇంకేదీ రాదు మరి, పని తప్ప.

"వాళ్ళ పెద్ద ఆ బట్టను చాలాసేపు చూశాడు." హమూద్ మెల్లగా అన్నాడు. "మొదటి గేటు ఎట్లా దాటిందని. తిప్పి తిప్పి చూశాడు. మెడ వెనుక చూశాడు, పేరు లేదు. ఎవరు కుట్టారని అడిగాడు."

బ్లేడు ఆగింది.

"ఏం చెప్పిండ్రు?"

"ఖురంలో నిసార్ అహ్మద్ టైలర్స్ అన్నాను. బోర్డు మీద అదే కదా ఉన్నది."

హమూద్ వెళ్ళాక కొద్దిసేపటికి నిసార్ అహ్మద్ లోపలి గదిలోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ముందు గదిలో ఉన్నది ఒక కాపలా కంపెనీ మనిషట, కోటు వేసుకున్నవాడు. పన్నెండు మంది కాపలా వాళ్ళకు కోట్లు కావాలట, సామాను కనపడకుండా. పని చూసే వచ్చామన్నారట. ఖరీదు మాటే ఎత్తలేదట. నిసార్ అహ్మద్ చేతిలో సొరుగులోంచి తీసిన కాగితం ఉంది, మడతలు సరిచేసి.

"అదే జీతం," అన్నాడు, ఈసారి హిందీలో. "కానీ నేను మాట మీద నిలబడే మనిషిని. నువ్వు పోతానన్నా కాగితం చింపలేదు చూడు."

భూమేశ్ కాగితం తీసుకోలేదు, కాదనలేదు. బల్ల మీద కత్తెర పక్కన పెట్టమని కళ్ళతో చూపించాడు. ముందు గదిలోని మనిషిని లోపలికి పంపమన్నాడు. ఆ మనిషి వచ్చాడు. ఎడమచేతి వాటం. భూమేశ్ అడగకముందే కనిపెట్టాడు. టేపు మెడ మీది నుంచి తీసి భుజం కొలిచాడు, ఛాతీ కొలిచాడు, కూర్చోమన్నాడు, వంగమన్నాడు. ఎడమ తుంటి దగ్గర సుద్ద పెట్టేముందు ఒక్క మాట అడిగాడు.

"ఇప్పుడు నడుముకు ఉన్నది అసలుదేనా?"

ఆ మనిషి నవ్వి కోటు తెరిచి చూపించాడు. భూమేశ్ వంగి అస్తరు చూశాడు. నల్లగా, తాజాగా, మరక ఉంది. అప్పుడు గీశాడు.

సాయంత్రం రుసైల్ బస్సులో ఉండగా సుమలత ఫోన్ వచ్చింది. పెద్దాయన సంతకం అయ్యిందా అని అడిగింది. కాలేదన్నాడు. ఎప్పుడైతది అంది. ఇగ కాదన్నాడు. కిటికీలోంచి ఎస్టేట్ గేటు, మంగలి షాపు షట్టర్, దాని మీద మూడు మూరల ఖాళీ బోర్డు వచ్చి వెనక్కి పోయాయి. సుమలత తిట్టలేదు, ఏడ్వలేదు. మోటారు స్టార్టర్ డబ్బా తాళంచెవి ఓంకార్‌కు ఇయ్యడం మర్చిపోయిందట, ఇంకా తన కొంగుకే ఉందట, రేపు పంపించాల్నా అని అడిగింది.

"పంపియ్యి," అన్నాడు భూమేశ్. "బోరుతోని కలిపే గదా రాసిచ్చింది."

కాలువ కింద, రెండు పంటల నీళ్ళ భూమి, బోరుతో సహా, పంతొమ్మిది గుంటలు.